సహాధ్యాయుల పాదం: కెర్నెల్ విద్య చరిత్ర

1975లో బెల్ ల్యాబ్స్ నుంచి వెలువడిన యూనిక్స్ ఆరవ కూర్పు సోర్స్ కోడ్‌లో ఒకచోట, చదివేవారిని ఉద్దేశించి రాసిన చిన్న వ్యాఖ్య ఒకటి ఉంది. దీన్ని మీరు అర్థం చేసుకోవాలని ఎవరూ ఆశించడం లేదన్నది దాని సారాంశం. కంప్యూటర్ ఒక పనిని సగంలో ఆపి మరొక పనికి మళ్ళే ఘట్టం అది. ఆ ఒక్క వాక్యం ప్రోగ్రామర్ల లోకంలో సామెతలా స్థిరపడిపోయింది. కొందరు దానిలో నిపుణుల అహంకారాన్ని చూశారు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన డెనిస్ రిచీ తరువాతి కాలంలో ఇచ్చిన వివరణ వేరు. ఇది పరీక్షలో రాదులే అని చెప్పే ధోరణిలో రాసిందే తప్ప సవాలు కాదనీ, అసలు అక్కడ జరుగుతున్నదేమిటో తమకే సరిగ్గా అర్థం కాలేదనీ ఆయన ఒప్పుకున్నాడు.

రాసినవారికే పూర్తిగా అందని చోటును కొత్త విద్యార్థి ఎలా అందుకోవాలి? కెర్నెల్ రచన నేర్చుకోవడంలోని చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. విద్యలో ఒక పాదం ఆచార్యుడి నుంచి, ఒక పాదం సొంత బుద్ధి నుంచి, ఒక పాదం సహాధ్యాయుల నుంచి, మిగిలిన పాదం కాలక్రమాన వస్తుందని మన పెద్దలు లెక్క కట్టారు. గడచిన యాభై ఏళ్ల కెర్నెల్ విద్యను పరిశీలిస్తే, ఆ నాలుగింటిలో మూడవ పాదమే ఎక్కువ బరువు మోసినట్టు కనబడుతుంది. అయితే తోటివారు ఉంటే సరిపోదు. అందరూ కలిసి చదవగల మూలం ఒకటి వారి చేతిలో ఉండాలి. ఆ మూలాన్ని చదివే హక్కు కోసం, తెలియనిదాన్ని అడిగే అవకాశం కోసం జరిగిన పెనుగులాటే ఈ చరిత్ర.

కెర్నెల్: ఎందుకింత కష్టం?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం కెర్నెల్. ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాలి, దేనికి ఎంత మెమరీ ఇవ్వాలి, డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ ఉండాలి, కీబోర్డు నొక్కినప్పుడు ఆ అక్షరం ఎవరికి చేరాలి వంటివన్నీ అదే తేలుస్తుంది. ఊపిరినీ గుండె వేగాన్నీ మనిషి తలచుకోకుండానే నడిపించే మెదడు కాండంతో దాన్ని పోల్చవచ్చు. సక్రమంగా పనిచేసినంత కాలం అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అక్కడ చిన్న గాయమైనా మొత్తం శరీరం కూలుతుంది.

సాధారణ ప్రోగ్రాంలో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రాం ఒక్కటే ఆగిపోతుంది. ఏం జరిగిందో కెర్నెల్ చెబుతుంది. కెర్నెల్‌లోనే తప్పు దొర్లితే చెప్పే నాథుడు ఉండడు. యంత్రం స్తంభించిపోతుంది, లేదా డిస్కు మీది సమాచారం నిశ్శబ్దంగా చెడిపోతుంది. పైగా అక్కడ అనేక పనులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని నడుస్తాయి. ఒక పని ఒక లెక్కను సగం మార్చి ఉండగానే మరొక పని వచ్చి అదే లెక్కను చదవవచ్చు. అలాంటి తప్పు వెయ్యిసార్లలో ఒకసారి మాత్రమే బయటపడుతుంది, వెదకబోయేసరికి మాయమవుతుంది. యంత్ర నిర్మాణం, భాష, ఏకకాలంలో జరిగే పనుల తర్కం అన్నీ ఒకేసారి తెలిస్తే తప్ప మొదటి పేజీ కూడా అర్థం కాదు. పాఠ్యపుస్తకంలోని సూత్రాలు ఇక్కడ కొంత దూరమే తీసుకువెళ్తాయి. ఆపైన కావలసింది పనిచేస్తున్న నిజమైన కెర్నెల్‌ను చదవడం, చదివినదాన్ని మరొకరితో చర్చించి సరిచూసుకోవడం.

దిక్కులేని వాడుకరులు

కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. 1973లో దాని కెర్నెల్‌ను సీ భాషలోకి తిరగరాశారు. 1974 జులైలో వారి వ్యాసం అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలో అచ్చయ్యాక, లోకంలోని విశ్వవిద్యాలయాల దృష్టి దాని మీద పడింది.

బెల్ ల్యాబ్స్ యాజమాన్య సంస్థ ఏటీ అండ్ టీ అప్పటికి టెలిఫోన్ రంగంలో గుత్తాధిపతి. 1956లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒడంబడిక ప్రకారం అది ఇతర వ్యాపారాల్లోకి దిగకూడదు. అందువల్ల యూనిక్స్‌ను సరుకుగా అమ్మలేక, నామమాత్రపు రుసుముతో విశ్వవిద్యాలయాలకు లైసెన్సు ఇచ్చింది. టేపు మీద సోర్స్ కోడ్ అంతా వచ్చేది. దానితో పాటు మరేమీ రాదు. తప్పులుంటే దిద్దే బాధ్యత సంస్థకు లేదు, సందేహం వస్తే జవాబు చెప్పే విభాగమూ లేదు.

ఆ నిరాదరణే మేలు చేసింది. యజమాని పలకడు కనుక వాడుకరులు ఒకరినొకరు అడగక తప్పలేదు. 1974 మే నెలలో న్యూయార్క్‌లో యూనిక్స్ వాడుకరుల తొలి సమావేశం జరిగింది. అందుకు వేదిక కొలంబియా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల కావడం వైద్యులకు ఆసక్తి కలిగించే విషయం. ఎవరు ఏ తప్పును కనిపెట్టారు, ఎలా సరిదిద్దారు అన్నదే అక్కడ ఇచ్చిపుచ్చుకున్న సరుకు. ఈ సమావేశాల నుంచే తరువాత యూజ్‌నిక్స్ అనే సంఘం రూపుదిద్దుకుంది. సోర్స్ కోడ్ అందరి దగ్గరా ఒకటే కావడం వల్ల, ఒక ఊరివారు కనుగొన్న దిద్దుబాటు మరొక ఊరివారికి యథాతథంగా పనికివచ్చేది.

మూలమూ వ్యాఖ్యానమూ

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1937లో పుట్టిన ఆయన కేంబ్రిడ్జ్‌లో పరిశోధన పూర్తిచేసి, కెనడాలో ఉద్యోగం చేసి, 1972లో సిడ్నీకి తిరిగివచ్చాడు. యూనిక్స్ టేపు అక్కడికి చేరాక ఆయనకు ఒక ఆలోచన తట్టింది. విద్యార్థులు చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసి పట్టా పుచ్చుకుంటున్నారు. మరొకరు రాసిన పెద్ద ప్రోగ్రాంను మొదటి నుంచి చివరి దాకా ఎన్నడూ చదవడం లేదు. సాహిత్య విద్యార్థి కావ్యం చదవకుండా అలంకారశాస్త్రం మాత్రమే వల్లెవేసినట్టుంది ఇది. యూనిక్స్ కెర్నెల్ ఒక మనిషి పూర్తిగా చదవగలిగినంత చిన్నది, చదవదగినంత బాగా రాసినది.

1976, 1977 సంవత్సరాల్లో ఆయన రెండు పుస్తకాలు తయారుచేశాడు. మొదటిది ఆరవ కూర్పు కెర్నెల్ సోర్స్ కోడ్, సుమారు తొమ్మిది వేల పంక్తులు. చదివేవారు దారి తప్పకుండా ప్రతి పంక్తికీ వరుస సంఖ్య ఇచ్చి, భాగాలను క్రమంలో పేర్చాడు. రెండవది దానికి వ్యాఖ్యానం. ఫలానా పంక్తిలో ఏం జరుగుతోంది, ఎందుకు అలా రాయవలసివచ్చింది, ఎక్కడ అనుమానం రావచ్చు అన్నవి ఆ సంఖ్యలను పట్టుకొని వివరిస్తూ పోయాడు. రెండూ కలిపినా విద్యార్థి చేతిసంచిలో పడతాయని ఆయన ప్రత్యేకంగా గుర్తుచేశాడు. ఆ మాటలో విద్యాసూత్రం ఉంది. మోయగలిగినదే చదవగలిగినది.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. మెదక్ ప్రాంతపు కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యలు లేకుంటే, తరతరాల విద్యార్థులకు ఆ కావ్యాలు అంత సులువుగా అందేవి కావు. మూలాన్ని విడవకుండా, అవసరమైనంతే చెప్పడం మల్లినాథుడి నియమం. లయన్స్ చేసిందీ అదే పని. మూలకర్తలను కీర్తించడానికి గానీ తన పాండిత్యం చూపడానికి గానీ ఆయన వ్యాఖ్యానం రాయలేదు. పక్కన కూర్చున్న మనిషి పంక్తి మీద వేలుపెట్టి చెప్పినట్టు రాశాడు.

మొదట్లో ప్రస్తావించిన వ్యాఖ్య ఈ పుస్తకంలో 2238వ పంక్తి. ఆ సంఖ్యతోనే అది ప్రసిద్ధమైంది. ఒక పని పిలిచిన ఫంక్షన్ మరొక పనిలోకి తిరిగివస్తుందన్నది అక్కడి రహస్యం. లోపలికి వెళ్ళిన మనిషి ఒకడు, బయటికి వచ్చిన మనిషి మరొకడు అన్నట్టుంటుంది. ఒంటరిగా చదివేవాడు తనకు బుద్ధి చాలలేదని పుస్తకం మూసేసే చోటు అది. నలుగురు కలిసి చదివినప్పుడు, మిగిలిన ముగ్గురికీ అక్కడే బండి ఆగిందని తెలుస్తుంది. వైద్య కళాశాలలో శవచ్ఛేదం బల్ల చుట్టూ చేరిన విద్యార్థుల్లో ఒకరు కన్నింగ్‌హామ్ మాన్యువల్‌ను పైకి చదువుతుంటే, మరొకరు కత్తి పట్టి నాడిని వెదుకుతారు. పుస్తకంలో గీసిన చోట నాడి కనబడనప్పుడు తప్పు తమది కాదనీ, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందనీ ఆ బల్ల దగ్గరే గ్రహిస్తారు. తెలియకపోవడం అవమానం కాదన్న జ్ఞానమే సహాధ్యాయులు ఇచ్చే మొదటి పాఠం.

నిషిద్ధ గ్రంథం

1979లో యూనిక్స్ ఏడవ కూర్పు వెలువడింది. దానితో పాటు లైసెన్సు షరతులూ మారాయి. సోర్స్ కోడ్‌ను తరగతి గదిలో పాఠంగా చెప్పకూడదని ఏటీ అండ్ టీ కట్టడి చేసింది. యూనిక్స్‌కు వ్యాపార విలువ ఉందని ఆ సంస్థ అప్పటికే గుర్తించింది. 1984లో టెలిఫోన్ సామ్రాజ్యం విడిపోయి, కంప్యూటర్ వ్యాపారంలో అడుగుపెట్టే స్వేచ్ఛ లభించాక ఆ పట్టు మరింత బిగిసింది. లయన్స్ పుస్తకాలు లైసెన్సు ఉన్న సంస్థలకే పరిమితమయ్యాయి. అనేక విశ్వవిద్యాలయాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు మళ్ళీ సిద్ధాంతాల దగ్గరికి వెళ్ళిపోయాయి. కెర్నెల్ గురించి చెబుతారు, కెర్నెల్‌ను చూపరు.

విద్యార్థులు జిరాక్స్ యంత్రం దగ్గరికి నడిచారు. లైసెన్సు ఉన్నచోట చదివినవాడి దగ్గర ప్రతి ఉంటుంది. దాన్ని మిత్రుడు నకలు తీసుకుంటాడు. ఆ నకలుకు మరొక నకలు పుడుతుంది. సుమారు ఇరవై ఏళ్లపాటు ఈ పుస్తకం ఇలాగే ఖండాలు దాటింది. కంప్యూటర్ శాస్త్రంలో ఇంతగా జిరాక్స్ అయిన పుస్తకం మరొకటి లేదన్న ఖ్యాతి దానికి వచ్చింది. నకలుకు నకలు అయ్యేకొద్దీ అక్షరాలు మసకబారేవి. ఎవరి ప్రతి ఎన్నో తరానిదో దాన్ని బట్టి ఊహించవచ్చు.

ఇది చట్ట ఉల్లంఘన అనడంలో సందేహం లేదు. అయితే ఆ నకళ్ళు చేతులు మారిన తీరులో గమనించదగ్గ విషయం ఉంది. పుస్తకం దుకాణంలో దొరకదు కనుక, దాన్ని పొందాలంటే మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి అప్పటికే చదివినవాడై ఉంటాడు. పుస్తకంతో పాటు సందేహం తీర్చే తోడూ దొరికేది. నిషేధం మూలాన్ని అరుదు చేసింది గానీ, మూలం చుట్టూ ఉన్న మనుషులను మరింత దగ్గర చేసింది.

1996లో, యూనిక్స్ హక్కులు చేతులు మారి శాంటా క్రూజ్ ఆపరేషన్ సంస్థ అనుమతి ఇచ్చాక, ఈ పుస్తకం బహిరంగంగా అచ్చయింది. ప్రచురణ సంస్థ పేరు పీర్-టు-పీర్ కమ్యూనికేషన్స్. తోటివారి నుంచి తోటివారికి అన్న అర్థం ఆ పుస్తకపు నడకకు కాకతాళీయంగా అమరింది. లయన్స్ 1998 డిసెంబరులో కన్నుమూశాడు. తన పుస్తకం పగటి వెలుగులోకి రావడం ఆయన చూడగలిగాడు.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హెల్సింకీకి

నిషేధానికి మరొక జవాబు నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రీయె విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్, చూపించడానికి కెర్నెల్ లేకపోతే తానే ఒకటి రాయాలని నిశ్చయించుకున్నాడు. ఏటీ అండ్ టీ కోడ్ ఒక్క పంక్తి కూడా వాడకుండా, మామూలు పీసీ మీద నడిచే మినిక్స్ అనే వ్యవస్థను నిర్మించాడు. 1987లో వెలువడిన ఆయన పాఠ్యపుస్తకం చివర దాని సోర్స్ కోడ్, సుమారు 12,000 పంక్తులు, అచ్చయింది. లైసెన్సు కోసం విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించే పని లేకుండా, పుస్తకం కొన్న ప్రతి విద్యార్థికీ కెర్నెల్ చేతికందింది.

కొద్ది కాలంలోనే వేలాది మంది మినిక్స్ పాఠకులు యూజ్‌నెట్ చర్చావేదికలో కలిశారు. అది చేర్చండి, ఇది మార్చండి అంటూ టానెన్‌బామ్‌ను అడిగేవారు. ఆయన చాలావాటిని తిరస్కరించాడు. ఒక సెమిస్టరులో విద్యార్థి పూర్తిగా చదవగలిగే పరిమాణం దాటితే మినిక్స్ ప్రయోజనమే దెబ్బతింటుందన్నది ఆయన వాదం. ఉపాధ్యాయుడిగా అది న్యాయమైన మాట. కానీ చదవడం పూర్తయిన విద్యార్థికి చేయాలన్న తహతహ పుడుతుంది. ఆ తహతహకు మినిక్స్‌లో చోటు లేదు.

అలాంటి విద్యార్థుల్లో ఒకడు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇరవై ఒక్క ఏళ్ల లీనస్ టోర్వాల్డ్స్. 1991 జనవరిలో 386 ప్రాసెసర్ ఉన్న పీసీ కొని, దాని మీద మినిక్స్ ఎక్కించి, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చిన్న ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒక పని అక్షరం ఒకటి ముద్రిస్తే, మరొక పని మరొకటి ముద్రించాలి. 2238వ పంక్తి దగ్గర జరిగే మళ్ళింపే ఇది. ఒకరోజు మోడెమ్‌కు పంపవలసిన డయలింగ్ ఆదేశాలను పొరపాటున హార్డ్ డిస్కుకు పంపి, మినిక్స్ ఉన్న భాగాన్ని చెరిపేసుకున్నాడు. కెర్నెల్ విద్యార్థులందరూ ఏదో రూపంలో చేసే పొరపాటే అది. మళ్ళీ మినిక్స్ ఎక్కించుకోవడం కన్నా తన వ్యవస్థనే పూర్తిచేయడం మేలనుకున్నాడు.

1991 ఆగస్టు 25న మినిక్స్ పాఠకుల వేదికలో అతను చేసిన ప్రకటన ప్రసిద్ధమే. దాని తీరును గమనించాలి. గొప్ప వ్యవస్థ నిర్మించానని అతను చెప్పుకోలేదు. కాలక్షేపానికి చేస్తున్న చిన్న పని అంటూనే, మినిక్స్‌లో ఏవి నచ్చాయో ఏవి నచ్చలేదో చెప్పమని తోటివారిని అడిగాడు. ఆ వేదికలోని వారందరూ ఒకే మూలాన్ని చదివినవారు. అందుకే ఒక్క వాక్యంలో అడిగిన ప్రశ్న వారికి పూర్తిగా అర్థమైంది. టానెన్‌బామ్ పుస్తకం లేకపోయి ఉంటే ఆ ప్రశ్న వినే సమూహమే ఉండేది కాదు. సెప్టెంబరులో వెలువడిన లినక్స్ తొలి రూపం సుమారు 10,000 పంక్తులు, అంటే దాదాపు లయన్స్ పుస్తకమంత.

ఆ తరువాత నేర్చుకునేవాడూ నేర్పేవాడూ స్థానాలు మార్చుకుంటూ పోయారు. కేవలం 2 మెగాబైట్ల మెమరీ ఉన్న ఒక వాడుకరి తన యంత్రంలో కెర్నెల్‌ను కంపైల్ చేయలేకపోతున్నానని చెప్పుకుంటే, టోర్వాల్డ్స్ ఆ డిసెంబరులో కూర్చొని, మెమరీ చాలనప్పుడు డిస్కును వాడుకునే ఏర్పాటు రాశాడు. 1992 ఆరంభంలో లినక్స్‌ను జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి పంచేటప్పుడు తరువాతివారికీ అదే హక్కు ఇవ్వాలి. 1979లో మూసుకున్న తలుపు మళ్ళీ ఎవరూ మూయలేని విధంగా తెరుచుకుంది.

1992 జనవరిలో టానెన్‌బామ్ అదే వేదికలో లినక్స్ నిర్మాణం కాలం చెల్లినదని విమర్శించాడు. తన విద్యార్థి అయితే ఇలాంటి రూపకల్పనకు మంచి మార్కులు వచ్చేవి కావని చురక వేశాడు. టోర్వాల్డ్స్ ఘాటుగా బదులిచ్చాడు, తరువాత ఆ ఘాటుకు విచారమూ వ్యక్తం చేశాడు. ఎవరి వాదం సరైనదన్న చర్చ నేటికీ తెగలేదు. ఆచార్యుడూ అజ్ఞాత విద్యార్థీ ఒకే వేదిక మీద, అందరి కళ్ళ ఎదుట, సమానులుగా వాదించుకోవడం మాత్రం ఆ తరం విద్యార్థులకు గొప్ప పాఠమైంది.

పెరిగిన అడవి, వెనకబడిన కొత్తవాడు

లినక్స్ కెర్నెల్ నేడు మూడు కోట్ల పంక్తులు దాటింది. ఏ చేతిసంచిలోనూ పట్టదు, ఏ ఒక్కరూ పూర్తిగా చదవలేరు. కొత్తవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మూలం తెరిచే ఉంది కానీ లోపలికి దారి కనబడదు.

ఈ లోటును పూడ్చడానికి వ్యాఖ్యాతలు మళ్ళీ పుట్టారు. అలెస్సాండ్రో రూబినీ 1998లో డివైస్ డ్రైవర్ల రచన గురించి రాసిన పుస్తకం, రోమ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యాయులు బోవెట్, చెసాటీ 2000లో వెలువరించిన గ్రంథం ఒక తరానికి ఆధారమయ్యాయి. తెలిసినవారు కొత్తవారి ప్రాథమిక ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే కూటములు ఏర్పడ్డాయి. 2008లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆధ్వర్యంలో, ఇంకా నాణ్యత చాలని డ్రైవర్లను ఉంచడానికి కెర్నెల్‌లోనే స్టేజింగ్ అనే విభాగం వచ్చింది. దిద్దవలసినవి అక్కడ పుష్కలం కనుక కొత్తవారికి అది చేయి తిరిగే చోటయింది.

అక్కడ మొదటి పాఠం చాలా చిన్నది. విద్యార్థి ఒక వ్యాఖ్యలోని అక్షరదోషాన్నో, పంక్తుల అమరికనో సవరిస్తాడు. సవరణను నిర్ణీత రూపంలో పొందుపరచి, ఎందుకు చేశాడో రెండు వాక్యాల్లో రాసి, తన పేరుతో పూచీ పడి, ఆ భాగం బాధ్యులకు పంపుతాడు. జవాబు వస్తుంది. తరచుగా అది తిరస్కారమే: కారణం సరిగా చెప్పలేదు, రెండు మార్పులను ఒకటిగా కలిపావు, మళ్ళీ పంపు. రెండోసారి, మూడోసారి పంపాక స్వీకరిస్తారు. మారింది ఒక్క పంక్తే కావచ్చు. కానీ ఆ క్రమంలో పనిని ముక్కలుగా విడగొట్టడం, కారణం చెప్పడం, తప్పు ఒప్పుకోవడం అతను నేర్చుకుంటాడు. పంపిన సవరణను చదివి సరేనన్నవారి పేరూ దానితో పాటు చరిత్రలో నమోదవుతుంది. చదవడం కూడా రాయడంతో సమానమైన పనిగా గుర్తింపు పొందిన అరుదైన రంగం ఇది.

అయితే ఈ సమూహం అందరినీ ఒకేలా ఆదరించలేదు. లినక్స్ చర్చల్లో పరుష భాష ఏళ్ల తరబడి చెల్లుబాటైంది. నాణ్యతకు ఆ కాఠిన్యం అవసరమని సమర్థించినవారు ఉన్నారు. మాట పడలేక మౌనంగా వెళ్ళిపోయినవారి సంఖ్యను ఎవరూ నమోదు చేయలేదు. స్త్రీలకు ప్రవేశం కల్పించే ఉద్దేశంతో మొదలై, తరువాత అవుట్‌రీచీగా పేరు మార్చుకున్న శిక్షణ కార్యక్రమంలో కెర్నెల్ 2013 నుంచి భాగమైంది. ప్రతి అభ్యర్థికీ అనుభవజ్ఞుడైన మార్గదర్శి ఉండటం దాని విశేషం. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన గత ప్రవర్తనకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొంతకాలం తప్పుకున్నాడు. ఆ సమయంలోనే కెర్నెల్ సమూహం కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. వైద్యవిద్యలోనూ రౌండ్లలో అందరి ముందు విద్యార్థిని అవమానించడం ఒకప్పుడు శిక్షణ అనిపించుకుంది. భయపడిన విద్యార్థి తెలియనిదాన్ని దాస్తాడని, ఆ దాపరికం చివరికి రోగి మీదికి వస్తుందని అక్కడా ఆలస్యంగానే గ్రహించారు. కెర్నెల్‌లో దాచిన అజ్ఞానం కోట్ల యంత్రాల మీదికి వస్తుంది.

నమ్మకానికి రెండో వైపూ ఉంది. 2021లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు, సమీక్షకుల అప్రమత్తతను పరీక్షించడానికి లోపాలున్న సవరణలను ఉద్దేశపూర్వకంగా పంపిన సంగతి వెల్లడైంది. కెర్నెల్ నిర్వాహకులు ఆ విశ్వవిద్యాలయం సవరణలను నిలిపివేశారు. కొత్తవారి తప్పును ఓపికగా దిద్దడం, అది నిజాయితీగా చేసిన తప్పు అన్న విశ్వాసం మీద ఆధారపడిన పని. ఆ విశ్వాసం చెడితే నష్టపోయేది తరువాత వచ్చే విద్యార్థులే.

తెలుగువారి దారి

ఈ చరిత్రలో తెలుగువారికీ ఒక పరోక్ష వాటా ఉంది. మారిస్ బాక్ 1986లో యూనిక్స్ నిర్మాణం మీద రాసిన పుస్తకం చవక భారతీయ ముద్రణలో మన ఇంజనీరింగ్ కళాశాలలకు చేరింది. అందులో తర్కం ఉంటుంది గానీ అసలు కోడ్ ఉండదు. తరువాత హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లో వెలసిన శిక్షణ కేంద్రాల్లో లినక్స్, డివైస్ డ్రైవర్ల పాఠాలూ చోటు చేసుకున్నాయి. అక్కడి జిరాక్స్ దుకాణాల్లో దొరికే మెటీరియల్, అద్దెగదుల్లో సీనియర్లు చెప్పే పాఠం, ఒకే కంప్యూటర్ ముందు చేరిన స్నేహితులు లయన్స్ పాఠకుల కథకు తెలుగు రూపంలా కనబడతారు. హైదరాబాద్‌లోని చిప్ కంపెనీల్లోనూ, విదేశాల్లోనూ నేడు కెర్నెల్ పని చేస్తున్న తెలుగువారిలో ఆ గదుల నుంచి వచ్చినవారు ఉన్నారు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మాత్రం ఒక అడ్డంకి అదనం. కోడ్ చదవడానికి భాష పెద్దగా అడ్డురాదు. ప్రశ్న అడగడానికి వస్తుంది. లోకమంతా చూసే చోట ఆంగ్లంలో అడిగి, ఆంగ్లంలో తిరస్కారం పొందడం ఇరవై ఏళ్ల వయసులో చిన్న విషయం కాదు. ఆ మొదటి ప్రశ్నను తెలుగులో విని, దాన్ని అడగదగిన ప్రశ్నగా మలచడంలో సాయపడే సహాధ్యాయి అక్కడ గురువు కన్నా విలువైనవాడు.

తొమ్మిది వేల పంక్తుల దగ్గరికి తిరిగిరాక

2002లో ఎమ్‌ఐటీ ఆచార్యులు ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాన్ని కొత్తగా రూపొందిస్తూ ఎన్నుకున్న మూలం లయన్స్ పుస్తకమే. పాతికేళ్ల నాటి యంత్రం కోసం రాసిన కోడ్ అది. దానికోసం విద్యార్థులు మరుగునపడ్డ యంత్రభాషను నేర్చుకోవలసివచ్చేది. అందుచేత 2006లో ఫ్రాన్స్ కాషూక్, రాబర్ట్ మోరిస్, రస్ కాక్స్ ఆరవ కూర్పునే నమూనాగా తీసుకొని, నేటి ప్రాసెసర్ల మీద నడిచేలా ఎక్స్‌వీ6 అనే చిన్న కెర్నెల్ రాశారు. దానికీ లయన్స్ తరహాలో ఒక వ్యాఖ్యానం ఉంది. మూడు కోట్ల పంక్తుల కెర్నెల్ ఉచితంగా దొరికే కాలంలోనూ విద్యార్థికి మోయగలిగిన మూలమే కావలసివచ్చింది. సిడ్నీలో లయన్స్ పేరిట ఏర్పడిన ఆచార్య పీఠంలో ఉన్న గెర్నట్ హైజర్ బృందం 2009లో ఎస్‌ఈఎల్4 అనే కెర్నెల్ సరిగ్గా పనిచేస్తుందని గణితపరంగా నిరూపించింది. దాని పరిమాణం సుమారు 8,700 పంక్తులు. మనిషి పూర్తిగా గ్రహించగల కొలత ఇంచుమించు అదేనేమో అనిపిస్తుంది.

ఆనాటి 2238వ పంక్తి చుట్టూ ఉన్న ఫంక్షన్ ఎక్స్‌వీ6లోనూ అదే పేరుతో ఉంది. దాన్ని చదివిన విద్యార్థులు ఒక పని నుంచి మరొక పనికి మళ్ళే కోడ్‌ను తామే రాయాలి. ఎమ్‌ఐటీ పాఠంలో అది ఇంటిపని. ఒకనాడు అర్థం కానక్కరలేదని సృష్టికర్తలే మినహాయించిన చోటు, నేడు ప్రతి విద్యార్థీ దాటవలసిన మెట్టు అయింది. ఈ మార్పు వెనుక సిడ్నీలో ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన పంక్తి సంఖ్యలున్నాయి. వాటిని పట్టుకొని మసక నకళ్ళ మీద వేలుపెట్టి, ఇక్కడ నీకేమైనా తెలిసిందా అని పక్కవాడిని అడిగిన వేలాది మంది విద్యార్థులు ఉన్నారు.